మంచం దిగని రాత్రులు

"రాత్రి మెలకువ వచ్చినప్పుడు మంచం దిగారా?" కంప్యూటర్ తెర మీంచి కొలెట్ అడిగింది.

"దిగాను" అంది స్టెఫా.

అబద్ధం. కీళ్లవాతంతో తుంటి, మోకాళ్లు పీకుతుంటే ఆమెకు సరిగ్గా నిద్రపట్టక ఏళ్లయింది. మాత్రలు పనిచెయ్యడం మానేశాక, డాక్టరు కొలెట్ నడిపే ఈ ఆన్‌లైన్ నిద్ర చికిత్సలో చేర్పించాడు. నొప్పి పూర్తిగా పోకపోయినా, నిద్రను మళ్లీ అలవాటు చేసుకోవచ్చన్నాడు. పగలు కునుకు తియ్యడం మానేసింది. రోజూ ఒకే వేళకు లేస్తోంది. నిద్రపట్టనప్పుడు లేచి పక్కగదిలోకి వెళ్లమన్నది మాత్రం ఆమె వల్ల కాలేదు.

ఎలా వెళ్తుంది? పక్కన భర్త ఒరెస్ట్ ఉంటాడు. స్కూలు బస్సు నడిపే మనిషి. తెల్లారకముందే మంచు కప్పిన రోడ్ల మీద బస్సెడు పిల్లల్ని తీసుకెళ్లాలి. ఆ ఇంట్లో అడుగు తీసి అడుగేస్తే చెక్కనేల కిర్రుమంటుంది. అందుకే ప్రతి రాత్రీ పళ్లు బిగబట్టి, కట్టెలా పడుకునేది. పోన్లే, ఇంట్లో ఒక్కరైనా నిద్రపోతున్నారు అనుకునేది.

"మీరు చెప్పినట్టే చేస్తుంటే ఈపాటికి కొంతైనా తేడా కనపడాలి. ఎక్కడో ఏదో..." కొలెట్ మాట పూర్తికాకుండానే ఫోన్ మోగింది. బస్సుల ఆఫీసు నుంచి గ్లెన్.

"కంగారు పడకు స్టెఫా. ఒరెస్ట్ బస్సు రోడ్డు పక్క గోతిలోకి జారింది. పిల్లలకేం కాలేదు. వాడికీ ఏం కాలేదు. ఇంటికి తీసుకొస్తున్నా."

స్టెఫా ఫోన్ పెట్టేసింది. సాయంత్రం మాట్లాడదామని కొలెట్‌కి చెప్పి, వాకిట్లోకొచ్చి నిలబడింది.

ఒరెస్ట్ వచ్చి వంటింటి బల్ల ముందు కూలబడ్డాడు. బీట్‌రూట్ సూప్ వేడిచేసి పెడితే చెంచా ముట్టలేదు.

"ఏమైంది?"

"మంచు. కంటికి కనబడలేదు."

"నా వల్ల నీ నిద్రేమైనా చెడుతోందా? నిజం చెప్పు."

"నీ మొహం. పడుకుంటే నాకు ఒళ్లు తెలియదు" అన్నాడు చూపు తిప్పుకుని.

ఆమె మనసు కాస్త కుదుటపడింది. కానీ అతను సూప్ గిన్నె పక్కకి జరిపేశాడు.

సాయంత్రం కొలెట్ తెర మీదికి రాగానే స్టెఫా అంతా కక్కేసింది.

"ఒక్క రాత్రి కూడా మంచం దిగలేదమ్మా. మీకు అబద్ధాలు చెప్పాను. ఇక మానేస్తాను. నేను లేస్తే ఆయనకి మెలకువొస్తుంది. హాయిగా నిద్రపోయే మనిషికే ఇవాళ ఇలా అయిందే, నిద్ర లేకపోతే ఆ పిల్లల గతేంటి?"

వెనక కుర్చీ జరిగింది. ఒరెస్ట్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఏడ్చినట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఈ చికిత్స మాననివ్వకండి" అన్నాడు కొలెట్‌తో. "బస్సు తాళాలు గ్లెన్‌కి ఇచ్చేశాను. నాలుగు రోజులు నడపనని చెప్పాను."

"ఎందుకు?" అంది స్టెఫా. "మంచు మీద ఎవరి బస్సయినా జారుతుంది."

"రోడ్డు మీద మంచు లేదు స్టెఫా. నాకే కళ్లు మూతపడ్డాయి." అతను ఆమె వాచిన వేళ్లను మెల్లిగా చేతుల్లోకి తీసుకున్నాడు. "నేను కదిలితే నీకు పట్టిన కాస్త కునుకూ పోతుందేమోనని..."

అతను తల వంచుకుని, ఆ వేళ్లనే చూస్తూ అన్నాడు.

"నేనూ మేలుకునే ఉంటున్నా."