అరవై ఐదు పిడికిళ్ల నిచ్చెన

"ఆయన నిచ్చెన ఒక్కసారి చూసి వెళ్లిపోతానమ్మా."

గేటు దగ్గర నిలబడ్డ ఆవిడెవరో లెక్కల టీచరుకు తెలియదు.

టీచరు నాన్న గోడలకు రంగులు వేసేవాడు. నెలలో సగం రోజులు పొరుగూళ్లలోనే పని. ఆయన పోయాక నా అన్నవాళ్లు లేని ఇల్లది. మనిషి అలికిడికి మొహం వాచిపోయి, టీచరు గేటు తీసింది.

ఆవిడ నేల మీద పడుకోబెట్టి ఉన్న నిచ్చెన పక్కన కూర్చుంది. పిడికిలి పక్కన పిడికిలి ఆనిస్తూ చివరిదాకా కొలిచింది.

"అరవై ఐదు. సరిగ్గా."

టీచరుకు ఒళ్లు మండింది. అది నాన్న తనతో ఆడిన ఆట.

"మన గోడ ఎత్తు అరవై మూడు, నిచ్చెన కాలు గోడకు పదహారు దూరం. ఇది మన గోడ కోసమే పుట్టిందే, పిచ్చిదానా!" అనేవాడు. నిచ్చెన నాన్న కొలిచినా తను కొలిచినా అరవై ఐదే, పక్కింటివాళ్లు కొలిస్తే డెబ్బై దాటేది. ఆడపిల్లకు అచ్చం నాన్న పిడికిలే వచ్చిందని నవ్వేవారు.

ఆవిడ గోడ దగ్గర నుంచి నేల మీద పిడికిళ్లు వేస్తూ వెళ్లి ఒక గీత గీసింది. ఇద్దరూ కలిసి నిచ్చెన ఎత్తారు. దాని కాలు ఆ గీత మీద పెట్టింది.

"అంత దూరమా? జారుతుంది. పదహారు దగ్గర పెట్టాలి."

"ముప్పై మూడమ్మా. అప్పుడు తల యాభై ఆరుకి ఆనుతుంది. మా గోడ అంతే."

"కర్ణం అరవై ఐదైతే మిగతా భుజాలు పదహారు, అరవై మూడు. బళ్లో పాఠం చెప్పేదాన్ని, నాకు నేర్పకండి."

"మా గోడ కోసమే పుట్టిందనేవారు."

"రంగులేసిన ప్రతి ఇంట్లో అదే చెప్పి ఉంటాడు. ఇక బయల్దేరండి."

ఆవిడ నిచ్చెనను ఒకసారి నిమిరి వెళ్లిపోయింది. ఆవిడ పేరైనా టీచరు అడగలేదు.

తప్పు పట్టుకుందామనే లెక్క వేసింది. ముప్పై మూడు వర్గం, యాభై ఆరు వర్గం కలిపింది. అరవై ఐదు వర్గమే వచ్చింది.

అదే కర్ణం మీద ఇంకో త్రిభుజం.

నేల మీద తన పిడికిళ్లతో కొలిచింది. ముప్పై మూడోది సరిగ్గా ఆవిడ గీత మీదే ఆగింది.

గేటు దాకా పరుగెత్తింది. వీధి ఖాళీ.

నిచ్చెన ఇప్పటికీ ఆ గీత మీదే ఉంది. గేటు చప్పుడైతే చాలు, టీచరు ఉలిక్కిపడి లేస్తుంది.

ఆ రోజు తను వెళ్లగొట్టింది అక్కనో చెల్లెలినో కూడా ఆమెకు తెలియదు.