అద్దం మీది అంకె

ఫైనల్ ఇంకో అరగంటలో ఉందనగా మెర్విన్ చేతిలో ఉన్నవి నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఎర్ర స్పోర్ట్స్ కారు, ఎంత తిప్పినా అంటుకోని దాని ఇంజను, ఒక ఆశ. క్లబ్బు గోడకున్న విజేతల బోర్డులో ఒక్క వరుసే ఖాళీ ఉంది. ఈ డిసెంబరు దాటితే వారిగల్ ట్రాక్ ఉండదు, ఇళ్ళ స్థలాలుగా అమ్మేస్తున్నారు. అంటే ఆ వరుసలో పేరు ఇవాళ ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే లేదు.

"ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ పోయింది," అంది నోలీన్, బోనెట్ కింద తలదూర్చి. "చెయ్యి పెట్టి చూడు, పెనంలా కాలుతోంది. పొద్దుట్నుంచీ నీ బండి చివరి గీత దగ్గరికొచ్చేసరికి దగ్గుతుంటే ఏంటా అనుకున్నా."

ఫైనల్లో అతని ప్రత్యర్థి ఆమే. ఆమెదీ అదే మోడలు, అంతే ముసలి బండి. కాకపోతే నీలం రంగు.

"నీ దగ్గరేమైనా ఉందా?" అడగలేక అడిగాడు మెర్విన్.

"చూస్తాలే. ఖాళీ లేన్ మీద గెలిస్తే అదీ ఒక గెలుపేనా?"

"ఎంతకిస్తావ్?"

"ఓరి నీ పిసినారితనం కూలా! ఇది నీ కార్ల దుకాణం అనుకున్నావా? పందెం అయ్యాక ఉల్లిపాయలు దట్టించి ఒక సాసేజ్ రొట్టె కొనిపెట్టు చాలు. వెళ్ళు, లేన్ల టాస్ వేస్తున్నారు. నువ్వొచ్చేలోగా బిగించేస్తా."

మెర్విన్ పాత కార్లు అమ్మి బతికినవాడు. ఊరికే వచ్చే వస్తువే అన్నిటికంటే ఖరీదైనదని అతని అనుభవం. టాస్ వేసి తిరిగొచ్చేసరికి ఇంజను గుర్రంలా సకిలిస్తోంది. దగ్గు లేదు.

"అద్దం మీద అంకె మార్చుకో," అంది నోలీన్ చేతులు తుడుచుకుంటూ. "దగ్గుతో పదిహేను పాయింట్ ఎనిమిది సెకన్లకి పోయింది. ఇప్పుడు పదిహేనున్నరకే పోతుంది."

వారిగల్ పందెం అంకె మీదే నడుస్తుంది. పావు మైలు ఎన్ని సెకన్లలో పోతుందో ఎవరి బండి అద్దం మీద వాళ్ళే తెల్ల బూటు పాలిష్‌తో రాసుకోవాలి. నెమ్మది అంకె ఉన్నవాళ్ళని ఆ తేడా కొద్దీ ముందు వదులుతారు. గీత ముందు దాటినవాళ్ళు గెలిచినట్టు. కానీ రాసుకున్నదానికంటే తొందరగా దాటితే మాట తప్పినట్టే, ఓటమి.

మెర్విన్ పాలిష్ సీసా చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే పక్కకి చూశాడు. నోలీన్ తన అద్దం మీది పదిహేను పాయింట్ ఏడు చెరిపేసి, పదహారు పాయింట్ మూడు అని రాస్తోంది.

తానేమో అంకె పెంచుకుని ముందు బయల్దేరుతుందట. నన్నేమో తగ్గించుకుని వెనక నిలబడమంటోంది! ఇంత నాటు బేరం నా దుకాణంలో కొత్త గుమస్తా కూడా ఆడడు. సీసా మూత బిగించేశాడు.

లైన్లో పక్కన ఆగిన నోలీన్ అతని అద్దం చూసింది. "మార్చలేదేం?"

"నా బండి సంగతి నాకు తెలుసు."

"నిన్ను ముంచితే నాకొచ్చేదేంటి మెర్వ్?"

"బోర్డు మీద పేరు."

"నా పేరు అక్కడ నాలుగుసార్లుంది. ఇంకోసారి ఎక్కితే చదివేవాళ్ళకే విసుగు."

"ఆశకి అంతుంటుందా?"

ఆమె హెల్మెట్ అద్దం దించుకుంది.

పచ్చదీపం ముందు ఆమెకి వెలిగింది. తర్వాత అతనికి. సగం దూరం పోయేసరికి నీలం బండి దగ్గడం మొదలెట్టింది. మెర్విన్ నవ్వుకున్నాడు. నటన! నేను యాక్సిలరేటర్ మీంచి కాలు తీసిన మరుక్షణం దూసుకుపోవాలని చూస్తోంది. ఎర్ర బండి నీలం బండిని దాటింది. అయినా అతను కాలు తియ్యలేదు. చాలా ముందుగా గీత దాటి, పిడికిలి బిగించి పైకెత్తాడు.

గెలుపు దీపం మాత్రం నోలీన్ లేన్లో వెలిగింది.

"ఎర్ర బండి పదిహేను పాయింట్ ఐదు!" మైకులో కేకపెట్టాడు వ్యాఖ్యాత. "రాసుకున్నది పదిహేను పాయింట్ ఎనిమిది! ఒక్క పూటలో దానికంత వయసెలా తగ్గించావయ్యా మెర్వ్? విజేత నోలీన్!"

మెర్విన్ బండిని పక్కకి తీసి ఆపాడు. ఆమె చెప్పిన అంకే. పాయింటు కూడా తేడా లేదు. నమ్మి ఒక్క అంకె చెరిపి రాసుంటే ఆ ఆఖరి వరుస తనది.

సాసేజ్ రొట్టె కొన్నాడు. నడుస్తూ అలవాటుకొద్దీ లెక్క చూసుకున్నాడు. బోర్డు మీద పేరు పోయింది, అది ఇక రాదు. సాటి మనిషిని అనరాని మాట అన్నాడు, అదీ నష్టమే. వచ్చిందేంటంటే, బండి బాగుపడింది. ఆమె పనిముట్ల పెట్టెలో మూలపడున్న కాయిల్ ఊరికే దొరికింది. గిట్టుబాటు కాలేదు గానీ ఉత్త చేతులతో మాత్రం పోవడం లేదు.

నోలీన్ తన బండి బోనెట్ ఎత్తి, ఏదో వేడెక్కకుండా ఐసు ముక్కలతో చుట్టిన తడిగుడ్డ ఒకటి విప్పుతోంది.

"తప్పు నాదే," అన్నాడు మెర్విన్ నేలచూపులు చూస్తూ. "నువ్వు నిజమే చెప్పావు."

ఆమె రొట్టె అందుకుని ఒక ముక్క కొరికింది.

"ఉల్లిపాయలు తక్కువేయించావు," అంది. "సర్లే, ఇక నా కాయిల్ ఊడదీసి ఇచ్చెయ్ మెర్వ్. నీ దాంతో ఈ పావు మైలే దేకాను, ఇల్లు చేరలేను."