హహ అని రాయి

“మళ్ళీ ఒకాసానే!”

మధులత ఎర్రపెన్ను బల్ల మీద పడేసింది. మూడుసార్లు దిద్దింది. మూడుసార్లూ అదే తప్పు. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, మందులషాపు మేడ మీద ఆమె నడిపే జపనీస్ కోచింగులో ఇంత మొండిఘటం ఇంకొకరు లేరు.

“ఎన్నిసార్లు చెప్పాల మల్లీశ్వరీ? మన అమ్మయితే హహ. ఎదుటోళ్ళ అమ్మయితే ఒకాసాన్. మనమ్మకు మనమే గారు తగిలించుకుంటే జపానోళ్ళు నవ్విపోతారు.”

“తెలుసు మేడమ్.”

“తెలిసీ రాస్తే నేనేం చేసేది?”

మల్లీశ్వరి తల వంచుకుంది. జపాన్‌లో వృద్ధులను చూసుకునే ఉద్యోగానికి ఆమె దరఖాస్తు సాయంత్రం అయిదులోపు వెళ్ళాలి. తను సేవ చేసిన పెద్దవాళ్ళ గురించి సొంత దస్తూరీతో పది వాక్యాలు జతచేయాలి. ఆరు నెలలుగా ఉదయగిరి నుంచి రోజూ బస్సులో వచ్చి నేర్చుకున్నది ఈ ఒక్క కాగితం కోసమే. ఇది పోతే మళ్ళీ కూలిపనే.

అసలు తప్పులు చేసే పిల్ల కాదు. ‘వ’ అని పలికినా అక్కడ ‘హ’ అక్షరమే రాయాలని ఒకసారి చెబితే పట్టేసింది. మాటల మధ్య ఖాళీ వదలొద్దంటే ఆ రోజే మానేసింది. ఈ ఒక్క మాట దగ్గరే ఎక్కడలేని మొండితనం! మధులతకు ఒళ్ళు మండిపోతోంది.

నిజానికి మధులతదీ ఉదయగిరే. ప్రవీణ్‌కుమార్‌ను చేసుకున్నందుకు గడప తొక్కొద్దన్నాడు నాయన. ఆరేళ్ళయింది. ఆ ఊరి బస్సెక్కిందీ లేదు, ఆ ఊరి పిల్లలను కబుర్లడిగిందీ లేదు.

“సరే, మిగతాది చూద్దాం,” అంటూ కిటికీకి వీపు పెట్టి కూర్చుని, ఒక్కో వాక్యానికీ తెలుగు చెప్పుకుంటూ చదివింది. “‘ఒకాసాన్‌కు మోకాళ్ళ నొప్పులు. నేను నూనె రాస్తాను.’ బాగుండాది. ‘ప్రతి శుక్రవారం బస్సులో ఆత్మకూరు తీసుకొస్తాను.’ ఇదీ సరే. ‘ఒకాసాన్ టీకొట్టు బెంచీ మీద కూర్చుంటుంది. చూస్తుంది. వెళ్ళిపోతుంది.’ ఏందిది? దేన్ని చూస్తాది? దేన్ని చూస్తాదో రాసి, దాని పక్కన మన ‘ని’ లాంటి ‘ఓ’ అక్షరం పెట్టాల గదా! యాడబోయింది?”

“అది ఎవరికీ చెప్పొద్దన్నారు మేడమ్.”

“ఎవరు?”

“ఒకాసాన్.”

“హహ!”

ఆ అరుపుకు వెనక బెంచీలో రాసుకుంటున్న ఇంకో విద్యార్థి మాల్యాద్రి చేతిలోని పెన్ను జారిపడింది.

“వ్యాకరణం నేర్పేది నేనా, మీ అమ్మా? మోకాళ్ళ నొప్పుల మనిషి అంతదూరం వచ్చి, ఏమీ కొనకుండా, ఊరికే చూసి పోతాదంటే ఎవురు నమ్ముతారు?”

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. మధులత కాగితాన్ని ఆమె వైపు నెట్టింది.

“హహ అని రాస్తే పంపుతాను. లేకుంటే పంపను. నా కోచింగు పరువు కూడా ఉండాది.”

“పంపకపోయినా సరే మేడమ్. తప్పు రాయలేను.”

“తప్పా? నేను చెప్పింది తప్పా?” మధులత గొంతు ఇంకా లేచింది. “ఈరోజు శుక్రవారమే గదా. వచ్చిందా మీ అమ్మ?”

“వచ్చినారు. కింద టీకొట్టు కాడ ఉండారు.”

“పైకి పిలువు. దేన్ని చూస్తాదో నేనే అడుగుతా.”

“నేను పిలిస్తే రారు మేడమ్. ఆరు నెలల నుంచి పిలస్తానే ఉండా.”

“మెట్లెక్కలేకనా?”

“మెట్లకు కాదు మేడమ్.”

“మరి దేనికి?”

మల్లీశ్వరి మధులత భుజం మీదుగా కిటికీలోంచి కిందికి చూసింది. అప్పటికే కళ్ళనిండా నీళ్ళు. ఎర్రపెన్ను తీసి మధులత చేతిలో పెట్టింది.

“ఆమెను హహ అనాల్సింది మీరు మేడమ్.”