గోడ అవతలి టికెట్లు

"మళ్ళీ ఫయాజ్‌కే!"

మస్తాన్ వలీ మౌసును బల్లకేసి కొట్టినంత పని చేశాడు. తెర మీద కొత్త టికెట్ మెరుస్తోంది. అమ్మాయిల సెక్షన్ లైబ్రరీలో ప్రింటర్ ఆగిపోయిందట. పంపింది మాబున్నీ. సాయం అడిగింది ఫయాజ్‌ను.

మాబున్నీ పరాయి మనిషి అయితే అతనికి ఇంత మంట ఉండేది కాదు. ఆమె అతని పెళ్ళాం.

రియాద్‌లోని ఆ చిన్న కాలేజీలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య ఒక గోడ ఉంది. మస్తాన్ వలీ ఇటువైపు టెక్నీషియన్. మాబున్నీ అటువైపు లైబ్రరీ అసిస్టెంటు. అమ్మాయిలు ఇళ్ళకు వెళ్ళేదాకా మగవాడు గోడ దాటకూడదు కాబట్టి, అక్కడి కంప్యూటర్లకు ఏ రోగమొచ్చినా వైద్యం ఫోన్లోనే. ఈ టర్మ్ నుంచి ఖతీఫ్‌లోని ఇంకో చిన్న కాలేజీతో పొత్తు కుదిరింది. రెండింటికీ ఒకటే హెల్ప్‌డెస్క్. అక్కడి టెక్నీషియన్ ఫయాజ్. టికెట్ పెట్టేవాళ్ళు ఇద్దరిలో ఎవరు కావాలంటే వాళ్ళ పేరు నొక్కవచ్చు.

పొత్తు అన్నాక ఖర్చు తగ్గాలి. టర్మ్ అయ్యేసరికి ఒక్కరే మిగులుతారు. రెండోవాడికి ఎగ్జిట్, అంటే దేశం వదిలి ఇంటికే. ఎవరికన్నది టికెట్లు చూసి తేలుస్తామని డీన్ చెప్పేశాడు. ఆ సంగతి మస్తాన్ వలీ ఆ రోజే ఇంట్లో చెప్పాడు కూడా. ఆ తేల్చే రోజు ఇవాళే.

మరి ఈమె చేస్తున్న పనేమిటి? ఆమె ఇకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, తన ఇకామా మీదే నడుస్తోంది. తాను పోతే ఆమె కూడా ప్రొద్దుటూరు పోయి, కరెంటు లైన్‌మన్‌గా రిటైరైన వాళ్ళ నాన్న ఇంట్లో కూర్చోవలసిందే. అది కూడా మరిచిపోయేంత మైకమా?

ఆమెకు ఫోన్ చేశాడు. బిజీ. హెల్ప్‌డెస్క్‌లో చూశాడు. మాబున్నీ పేరు పక్కన ఎర్రచుక్క, ఫోన్లో ఉన్నట్టు. ఫయాజ్ పేరు పక్కనా ఎర్రచుక్కే. రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాడు. రెండు చుక్కలూ ఒకేసారి పచ్చబడ్డాయి.

మళ్ళీ చేశాడు. ఈసారి ఎత్తింది. గొంతులో నవ్వు ఇంకా ఆరలేదు.

"ప్రింటరుకు ఏమైంది మే?"

"కాగితం ఇరుక్కుంది. ఫయాజ్ భాయ్ చెప్తే తీసినా."

"గోడకు ఇవతల మొగుణ్ణి నేనుండగా, ఖతీఫ్‌లో ఉండేవాడు యాల నీకు?"

"నువ్వు గమ్మునుండయ్యా. నీకు తెలీదు."

"ఏం తెలీదు?"

"సాయంత్రం చెప్తాలే. ఉమేరా మేడం ప్రొజెక్టర్ రావడం లేదంట. దాన్ని కూడా ఫయాజ్ భాయ్‌కి రాయల్ల."

ఫోన్ పెట్టేసింది.

మస్తాన్ వలీ ఫయాజ్ ప్రొఫైల్ తెరిచాడు. వెనక సముద్రం, కత్తిరించిన గడ్డం, నల్లద్దాలు. ఫొటోను పెద్దది చేసి చూశాడు. చిన్నది చేసి చూశాడు. ఎలా చూసినా వెధవ బాగానే ఉన్నాడు.

ఇంతలో డీన్ నుంచి పిలుపు వచ్చింది.

డీన్ మర్యాదస్తుడు. గహ్వా కాఫీ పోయించి, ఖర్జూరం తినమని, ఆ తర్వాత అసలు మాట చెప్పాడు. "మస్తాన్, పనిలో నీకు వంక పెట్టలేను. కానీ ఈ టర్మ్ మొత్తంలో అమ్మాయిల సెక్షన్ నిన్ను ఒక్క సాయమూ అడగలేదు. వాళ్ళ పనంతా ఫయాజే చేశాడు. పని లేని మనిషిని ఏమని చెప్పి ఉంచుకోను?"

ఉద్యోగం పోయిందన్న బాధ కంటే, ఫయాజ్ అన్న పేరు డీన్ నోట కూడా తియ్యగా వినబడటం అతన్ని ఎక్కువ కాల్చింది.

అమ్మాయిల గేటు దగ్గర కాచుకుని నిలబడ్డాడు. కాలేజీ బస్సులు ఒక్కొక్కటే కదిలాయి. చివరికి మాబున్నీ అబాయా కుచ్చిళ్ళు పట్టుకుని, దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. కళ్ళల్లో పండగ.

"డీన్ పిలిచినాడంట కదా! ఏమన్నాడు?"

"అది తర్వాత. ముందు నువ్వు చెప్పు. వాడికీ నీకూ ఏం కథ?"

"ఎవరికి?"

"ఇంకెవరికి? నీ ఫయాజ్‌కు! రోజూ వాడితో ఆ నవ్వులేంది? ఆ మాటలేంది? ఇంట్లో నాతో ఎన్నడన్నా అట్ల నవ్వినావా?"

మాబున్నీ నోరు తెరిచి అతన్ని చూసింది. తర్వాత గేటు కాపలా మనిషి తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది.

"ఓయబ్బ! ఇన్నాళ్ళూ ముఖం మాడ్చుకుని తిరిగింది ఇందుకా? ఆ మనిషి గొంతు వింటేనే నాకు తలనొప్పి. ఈపొద్దు ప్రింటర్లో కాగితం కుక్కింది ఎవరనుకున్యావు? నేనే."

"ఎందుకు?"

"ఇంకా ఎందుకంటావేందయ్యా! ఊర్లో మా నాయన పేరు మీద కంప్లైంట్లు ఎక్కువైతేనే కదా కరెంటాఫీసోళ్ళు ఆయన్ను అడవిలోకి ట్రాన్స్‌ఫర్ ఏసింది? టికెట్లు చూసి తేలుస్తారని నువ్వు చెప్పినావు చూడు, ఆ పొద్దే మా మేడంలందరి కాళ్ళూ గడ్డాలూ పట్టుకున్యా. ఏం చెడిపోయినా ఫయాజ్ మీద రాయండమ్మా, మా ఆయన పేరు మీద ఒక్కటి కూడా పడనీయకండి అని." ఆమె అతని చెయ్యి పట్టుకుని గర్వంగా ఊపింది. "ఇప్పుడు చెప్పు, ఒక్కటన్నా పడిందా?"