నకిలీ దంతపు పిడి

ట్రేలో ఉన్నవాటిలో అన్నిటికంటే నాసిరకం జత ఏదా అని పుష్పలీల వెతుకుతోంది.

బెల్‌ఫాస్ట్‌లో తుపాకుల కొట్టు అది. సంవత్సరం 2003. యజమాని గిలెస్పీ పిస్టల్ పిడికి రెండు వైపులా బిగించే బిళ్లలు ఆమె ముందు పరిచాడు. అన్నీ నకిలీ దంతమే. మంచి రకమైతే చేతికి బరువు తెలుస్తుంది, ఏనుగు దంతంలో ఉండే గీతలు కనిపిస్తాయి. నాసిరకమైతే గోడకు బిగించే స్విచ్చులా ఉంటుంది. ఆమె స్విచ్చులాంటి దాన్నే తీసింది.

అది వద్దని గిలెస్పీ చెప్పి చూశాడు. ఆమె వినలేదు. భర్తకు చూపించి, నచ్చకపోతే వచ్చే శనివారం తిరిగి తెస్తానంది. నచ్చదని ఆమెకు తెలుసు. నచ్చకూడదనే తీసుకెళుతోంది.

ఆమె భర్త ఆంజనేయప్రసాద్ ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. వేసవిలో ఆపరేషన్ బల్ల మీద ఒక పేషెంటు చనిపోయింది. విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దని హాస్పిటల్ చెప్పింది. ఆ వారంలోనే అతను తన పిస్టల్‌ను గిలెస్పీకి ఇచ్చి వచ్చాడు. షూటింగ్ క్లబ్ కోసం లైసెన్సు మీద కొన్న పిస్టల్ అది. పిడి బిళ్ల పగిలిందని, ఈసారి దంతంలాంటిది వేయిస్తానని ఇంట్లో చెప్పాడు. కొత్తవి బిగించేదాకా పిస్టల్ కొట్లోనే తాళంలో ఉంటుంది. గిలెస్పీ పద్ధతి అది.

ఆ తర్వాత ప్రసాద్ గడప దాటలేదు. గడ్డం గీసుకోవడం మానేశాడు. ఒకరోజు వంటింట్లోకి వచ్చి, తాను లేకపోతే ఆ విచారణ దానంతటదే ఆగిపోతుంది కదా అన్నాడు, టీ అడిగినంత మామూలుగా.

ఆ మాట విన్నాక పుష్పలీలకు ఒకటే ధ్యాస. ఆ పిస్టల్ ఇంటికి రాకూడదు.

ఫ్యామిలీ డాక్టరు దగ్గరకు రమ్మని బతిమాలింది. రానన్నాడు. పోలీసులకు చెబితే పిస్టల్ తీసుకుంటారు, కానీ ఎందుకు తీసుకున్నారో హాస్పిటల్‌కూ తెలుస్తుంది. ఇక అతనికి ఉద్యోగం ఉండదని, ఉద్యోగం పోతే మనిషే మిగలడని ఆమె భయం. అందుకని శనివారం శనివారం నాసిరకం బిళ్లలు మోస్తోంది.

ప్రసాద్ వాటిని కిటికీ దగ్గర పట్టుకుని చూసేవాడు. ఒకదానికి అతుకు కనిపిస్తోందనేవాడు. ఇంకోదానికి పసుపు ఎక్కువైందనేవాడు. పక్కన పెట్టేసేవాడు. ఆమెకు మరో వారం గడిచేది.

ప్రసాద్ క్లబ్ స్నేహితుడు రాజ్‌కిరణ్‌ది ఏలూరు, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతనికి ఇదంతా నవ్వులాటగా ఉంది.

“వదినా, ఏనుగే ఫ్లైట్ ఎక్కి వచ్చి దంతం ఇచ్చినా అన్నయ్య వంక పెడతాడు. పెళ్లిచూపుల్లో మిమ్మల్నెలా ఒప్పుకున్నాడో.”

వేళాకోళంతో ఆగినా బాగుండేది. క్లబ్‌కు మళ్లీ వస్తే అన్నయ్య మామూలు మనిషవుతాడని అతని నమ్మకం. నేరుగా గిలెస్పీ దగ్గరకు వెళ్లి, ఉన్నవాటిలో మేలైన జత అడిగి తీసుకున్నాడు. ఆ శనివారం పుష్పలీల కొట్టుకు బయల్దేరేలోపే తలుపు తట్టాడు.

ఆమె గుమ్మంలోనే ఆపబోయింది. తనకిస్తే సాయంత్రం చూపిస్తానంది.

“మీరు తెచ్చేవి ఎలాంటివో గిలెస్పీ చెప్పాడులెండి,” అంటూ అతను లోపలికి నడిచాడు.

ప్రసాద్ బిళ్లల్ని వెలుతురులో తిప్పి చూశాడు. అతుకు లేదు. గీతలు కుదిరాయి. అరచేతిలో బరువు చూశాడు. వాటి మీద వేళ్లు బిగించాడు.

“మీరు ఊఁ అనండి అన్నయ్యా. లైసెన్సు తీసుకుని మీరొస్తే ఇవాళే బిగించి ఇస్తానన్నాడు. సాయంత్రానికి పిస్టల్ ఇంట్లో ఉంటుంది.”

“మరీ తెల్లగా ఉన్నాయేమోనండీ,” అంది పుష్పలీల. ఆమె మాట ఆమెకే సరిగా వినపడలేదు.

“దంతం తెల్లగా కాక నల్లగా ఉంటుందా వదినా?” అని రాజ్‌కిరణ్ కారు తిప్పడానికి బయటికి వెళ్లాడు.

ప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పక్కకు నెడితే ఏం చేయాలో తెలియదు.

అతను నెట్టలేదు. బిళ్లల్ని ఆమె చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

“ఇవీ బాగాలేవని చెప్పి వాణ్ణి పంపెయ్ లీలా,” అన్నాడు, “పిస్టల్ ఇంట్లో ఉంటే ఏం చేసుకుంటానోనని భయమేసే, ఆ పాత బిళ్లను నేనే పగలగొట్టి కొట్లో ఇచ్చొచ్చాను.”