వంతెన రాసిన రెండో మాట

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను. ఈ కాస్త రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

వంతెనలు తమ ఒంట్లో ఎలా ఉందో తామే చెప్పుకునే రోజులొచ్చాయి. నది మీది పాత కాలివంతెన కూడా రోజూ తెల్లవారగానే తన కమ్మీ మీద ‘క్షేమం’ అని రాసేది. కాపలాదారు దాలయ్య అది చూశాకే గేటు తీసేవాడు. చదువురాని భార్య గవరమ్మకు ఆ ఒక్క మాటా గుర్తుపట్టడం నేర్పాడు.

ఆ ఉదయం స్తంభానికి చిక్కుకున్న గుర్రపుడెక్క లాగడానికి దాలయ్య కమ్మీ చూడకుండానే కిందికి దిగబోతూ కేకేశాడు.

“ఏటి రాసిందే? తెలీదంటే పిల్లల పక్కన బళ్లో కూకోబెడతాను!”

ఆమె కమ్మీ వైపు చూసింది. తెలిసిన మాటే ఉంది. దాని పక్కన మరో చిన్న మాట కూడా ఉంది. అదేమిటని అడిగితే నవ్వుతాడని సిగ్గేసింది.

“నాకు తెలీకపోడమేటి మావా! రోజూ రాసిందే. దిగు.”

దిగాడు. స్తంభం ఒరిగింది. దాలయ్య మళ్లీ పైకి రాలేదు.

ఆ రెండో మాట ‘కాదు’ అని చదవడానికి గవరమ్మకు పదకొండేళ్లు పట్టింది.

ఇట్లు,
కిల్లాన గవరమ్మ, అరవై ఎనిమిదేళ్లు.
ఇప్పుడుండేది పార్వతీపురంలో, నది కనిపించని వీధిలో.