కార్డు లేనివారు నిచ్చెన ఎక్కరాదు

ఆర్విడ్ చర్చి కప్పు మీంచి పడ్డాడని, గంట తాడు పట్టుకుని కాసేపు వేలాడాడని, కింద పడే లోపు పాస్టరుగారిని కూడా తిట్టాడని చర్చి ఎదురింటి నోర్మా ఊరంతా చెప్పిందట.

నోర్మా నోట్లో పడితే చీమ కూడా ఏనుగై బయటికొస్తుంది. ఆర్విడ్ పడింది చర్చి దగ్గరే. కానీ కప్పు మీంచి కాదు, నిచ్చెన మూడో మెట్టు మీంచి. అదీ, నిచ్చెన ఎలా ఎక్కాలో వెనక్కి తిరిగి, తనతో పనిచేసే కర్టిస్‌కి పాఠం చెబుతూ.

మిన్నెసోటా మంచులో ముప్పై ఏళ్లుగా ఇళ్లకి కప్పులు వేస్తున్న మనిషి. మంచుకి జారలేదు, గాలికి ఎగరలేదు. ఎండిన గడ్డి మీద, తన మాటల బరువుకే పడ్డాడు.

పాదం ఒక దిక్కు చూస్తోంది, మోకాలు ఇంకో దిక్కు. కర్టిస్ ఫోన్ తీశాడు.

“ఆంబులెన్స్‌ని పిలుస్తున్నా.”

“పిలిచావంటే నీ చెయ్యి కూడా ఇలాగే తిరుగుతుంది. పెట్టు లోపల!”

“మరి నీ బీమా కార్డు ఏది?”

“ఇంకో ప్యాంటులో ఉండిపోయింది.”

“నీకు ఇంకో ప్యాంటు ఉందా ఆర్విడ్? ఇన్నేళ్లలో చూళ్లేదే!”

అసలు నొప్పి కాలిది కాదు. ఎదురుగా ఉన్న కంపెనీ ట్రక్కుది. దాని తలుపు మీద ఎర్ర అక్షరాలు: ఆరోగ్య బీమా కార్డు లేనివారు నిచ్చెన ఎక్కరాదు. తల ఎటు తిప్పినా అవే కనిపిస్తున్నాయి.

ఆర్విడ్‌కి కార్డు లేదు. జలుబైనా రాని ఒంటికి బీమా దండగని కిందటి ఆకురాలు కాలంలో కట్టడం మానేశాడు. ఆ డబ్బు చేపల పడవకి కొత్త మోటారైంది. ఏటా జనవరిలో అందరి కార్డులూ చూడటం ఆనవాయితీ. ఆర్విడ్‌ని మాత్రం ఎవరూ అడగరు. తలపండిన మనిషిని ఏమని అడుగుతారు?

ఇప్పుడిది బయటపడితే ఇంకేమైనా ఉందా? మళ్లీ నిచ్చెన ఎక్కే ముఖం ఉండదు.

కిందటేడు గ్యారీ గతి ఏమైంది? పెళ్లాం ఉద్యోగం పోయింది. ఆ ఉద్యోగంతో వచ్చిన ఇంటిల్లిపాది కార్డూ పోయింది. ఒక్క నెల గడువిమ్మని బతిమాలాడు. నియమం నియమమేనని జవాబొచ్చింది. ఆర్విడ్ పక్కనే ఇరవై ఏళ్లు మేకులు కొట్టినవాడు, ఆ మధ్యాహ్నమే సుత్తి అప్పగించి వెళ్లిపోయాడు. ట్రక్కు దాటి నడిచి వెళ్తున్న ఆ వీపు ఆర్విడ్‌కి ఇంకా కళ్లకి కట్టినట్టే ఉంది.

నోర్మా ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన బఠాణీల సంచి తెచ్చి కాలి మీద పెట్టింది. ఆ చేత్తోనే అతని జేబులోంచి పర్సు లాగింది.

“చేపల లైసెన్సు... లైబ్రరీ కార్డు... ఇదేమిటి, పదో కాఫీ ఉచితమట... బీమా కార్డేదయ్యా?”

కర్టిస్ ట్రక్కు తలుపు వైపు చూశాడు. ఆర్విడ్ వైపు చూశాడు. నవ్వు రాకుండా మూతి బిగించాడు.

“ఆ కాఫీ కార్డు చూపిస్తే కట్టు కడతారేమో,” అన్నాడు ఆర్విడ్. తన మాటకి తనే నవ్వబోయి మూలిగాడు.

అంతలో పిల్లల్ని బడిలో దింపేసి వస్తున్న పసుపుపచ్చ బస్సు ఆగింది. డ్రైవరు సీట్లోంచి గ్యారీ దిగాడు. ఇప్పుడతనికి బడివాళ్లు జీతమూ ఇస్తున్నారు, కార్డూ ఇచ్చారు.

“ఇలా పడుకుంటే గడ్డి పాడవుతుంది గానీ, లే. ఆసుపత్రి దగ్గర నేను దింపుతా. వెనక సీటులో చూసి కూర్చో, చూయింగ్ గమ్ అంటుకుంటుంది.”

గ్యారీ, కర్టిస్ చెరో రెక్కా పట్టి లేపారు. పాదం నేలకి తగిలింది. ఆర్విడ్‌కి పట్టపగలే చుక్కలు కనిపించాయి. ఆ చుక్కల మధ్య మళ్లీ ఆ ఎర్ర అక్షరాలే.

“ఈ నియమం పెట్టినవాడి కాలు విరగ!” అని అరిచాడు.

గ్యారీ బస్సు మెట్టు దగ్గర ఆగాడు.

“విరిగిందిగా ఓనరూ! నియమమూ నీదే, కాలూ నీదే.”